ఎర్ర దారం కట్టిన దుబ్బులు

కొరాపుట్లో నాకు శాలువా కప్పుతున్నప్పుడు మా ఆవిడ వెనక వరసలో కూచుని వేరుశనక్కాయలు వలుచుకుంటోంది. మైకులో ఒక పెద్దమనిషి ఒడియాలో నన్ను పొగుడుతున్నాడు. తరాల నాటి సువాసన వరిని కాపాడుకుంటూ వస్తున్న ఆదర్శ రైతునట నేను. నేను రైతును కాను. రామనగుడ సంత వీధిలో ఉప్పూ చింతపండూ బెల్లమూ అమ్ముకుని బతికినవాణ్ణి. ఒక్కనాడూ వంగి నారు నాటి ఎరగను. ఆ వరిని కాపాడిన మనిషి వెనక వరసలో వేరుశనక్కాయల పొట్టు ఊదుకుంటోంది. ఆ సంగతి పిలుపు వచ్చినప్పుడే చెప్పేను. తెలుగులో చెప్పేను, ఒడియాలో చెప్పేను, చివరికి హిందీలో కూడా చెప్పేను. భూమి ఎవరి పేరున ఉందని అడిగేరు. ఆవిడ పుట్టింటివాళ్ళు కొనిచ్చిన భూమే గానీ కాగితాల్లో నా పేరున ఉందన్నాను. అయితే స్టేజీ మీదకి మీరే రండి అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ శాలువా ఆవిడ ఒళ్ళో పెట్టేను. అంచు వేళ్ళతో నలిపి చూసింది.

"నూలు కాదు. సలికాలం దూడకి కప్పుదాం," అంది. కాసేపు కిటికీలోంచి కొండలు చూసి, "ఏనాడైనా మడిలో కాలెట్టేరేటి మీరు? కాళ్ళు కడుక్కోడానిక్కూడా గట్టు మీద నిలబడి సెంబు అందుకునేవోరు," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. శాలువా దొంగిలించినట్టుగా ఉంది. అంతకంటే పెద్ద సిగ్గు ఇంకోటుంది. ఆ రోజుకే ఆ వరికి వాసన లేదు. వాసన పోయిన వరికి వాసన వరి అని సన్మానం చేయించుకుని వస్తున్నాం మేం.

*

మా వాళ్ళు శ్రీకాకుళం పక్కనుంచి మూటలు నెత్తినెట్టుకుని ఘాట్ ఎక్కి వచ్చినవాళ్ళు. నాకు బడి ఐదో తరగతితో ఆగిపోయింది. రాయగడలో మేనమామ గారి గొడౌన్లో పడ్డాను. గూడ్సు షెడ్డు ఎదురుగుండా ఉండేది ఆ గొడౌను. పొట్లాలు కట్టడానికి పాత పుస్తకాలూ పేపర్లూ బస్తాల్లో వచ్చేవి. ఒడియావి, తెలుగువి, ఇంగ్లీషువి. నా కాలేజీ అదే. సగం పేజీ చదివేసరికి దాని మీద బెల్లం పడేది, మిగతా సగం ఎవరి ఇంటికో వెళ్ళిపోయేది. అందుకే నా చదువంతా సగం సగం. తెలిసినదాని గురించి గట్టిగా మాట్లాడతాను, తెలియనిదాని గురించి ఇంకా గట్టిగా మాట్లాడతాను అని మా ఆవిడ అనేది.

ఆవిడకి అక్షరం రాదు. వంశధార అవతల నుంచి కాపరానికి వచ్చినప్పుడు చిన్న మూతి ఉన్న కుండలో విత్తనాలు తెచ్చుకుంది. పొట్టి గింజ, పల్చటి పొట్టు. ఆ వరికి పేరు లేదు. వాళ్ళమ్మ ఇచ్చినవి గనక "మాయమ్మ గింజలు" అనేది, అంతే. మేం ఉన్న ఇంటి వెనకాల ఒక చిన్న మడి, కాస్త ఎత్తున పైమడి. మిగతా పొలంలో ఏ రకం వేసినా, పెరటి మడి మాత్రం మాయమ్మ గింజలదే.

ఆ వాసన ఎలా ఉండేదో రాయడం నాకు చేతకాదు. వెన్ను తీసే రోజుల్లో పొద్దున్నే తలుపు తీస్తే ఇల్లు దాటి సంత వీధి దాకా వచ్చేది. కొండ ఊళ్ళనుంచి కొట్టుకొచ్చిన దేశియా ఆడవాళ్ళు తక్కెడ దగ్గర నిలబడి, ఇవాళ అన్నం ఎక్కడ వండుతున్నారని అడిగేవారు. ఇంకా పచ్చిగా ఉన్న చేలో అన్నం వండుతున్న వాసన. వండేక మళ్ళీ ఇంకోలా ఉండేది. కూర అక్కర్లేకుండా ఇంత ఉప్పు కలుపుకుని తిన్న రోజులున్నాయి.

ఆ విత్తనం చెడకుండా ఉంచడానికి ఆవిడకి రెండే రెండు పద్ధతులుండేవి, రెండూ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవే. మొదటిది దుబ్బు మొదలు చూడడం. మాయమ్మ గింజలకి నేలకి ఆనుకున్న చోట కాడ నేరేడు పండు రంగులో ఉండేది. ఆవిడ దాన్ని నలుపు అనేది. మొదలు నల్లగా ఉంటే మనది. పచ్చగా ఉంటే పరాయిది. మడిలో మన జాతి కాని వరి దుబ్బుల్ని కేళీలంటాం. గింజ పండి రాలితే విత్తనమంతా కలిసిపోతుంది గనక ముందే పీకెయ్యాలి. రెండో పద్ధతి ఆ పీకడానికి సంబంధించినదే. పొద్దున్న గట్టు మీద తిరిగేటప్పుడు కేళీ కనబడితే ఆవిడ దానికో గుడ్డ పీలిక కట్టేది. తరవాత కూలికి వచ్చిన ఆడవాళ్ళు పీలిక కట్టిన దుబ్బులన్నీ పీకేసి గట్టున పడేసేవారు. చెప్పక్కర్లేదు, అడగక్కర్లేదు. కట్టి ఉందంటే పీకమని. మా వాడలో అందరి మళ్ళలోనూ అదే అలవాటు.

ఇదంతా నాకు తెలుసు. కిటికీలోంచి చూసిన మనిషికి తెలిసినట్టు తెలుసు.

*

వాసన పోవడం ముందు ఆవిడే కనిపెట్టింది. ఒక ఏడు తక్కువగా ఉందంది. వానలు ఎక్కువయ్యాయని నేనన్నాను. తరవాతి ఏడు అన్నం వార్చినప్పుడు గంజి మీద మొహం పెట్టి చాలాసేపు ఉండిపోయింది. ఆపైన ఇంకో ఏడు, మరో ఏడు. చివరికి మడి నిండా నల్ల మొదళ్ళే, ఒక్క పచ్చ మొదలు లేదు, వాసన మాత్రం లేదు. ఆవిడ ఎంత శుభ్రంగా ఏరితే అంత దూరంగా పోయింది.

"అన్నీ సదివేనంటారు కదా," అంది ఒకనాడు, నేను కొట్టు కట్టేసి వచ్చి కాళ్ళు చాపుకోగానే. "మాయమ్మ గింజల వాసన ఎటెల్లిపోయిందో ఆ కాయితాల్లో సూడండి."

విసురుగానే అంది. కానీ తరవాత గొంతు తగ్గించి, "నాను పోతే మాయమ్మ అడుగుతాది. గింజలేవే అంటాది. ఏటి సెప్పను?" అంది.

ఆవిడ అలాంటి మాటలు ఎప్పుడూ అనదు. నేను కొరాపుట్ సభకి పిలుపు రాగానే ఒప్పుకున్నది శాలువా కోసం కాదు. అక్కడికి విత్తనాల చదువులు చదివినవాళ్ళు వస్తారని. పిడికెడు గింజలు మూట కట్టుకుని వెళ్ళేం. వచ్చినవాళ్ళలో చాలామంది ఫొటోలు తీసుకున్నారు. ఒక్క పిల్ల మాత్రం గింజలు అరచేతిలో వేసుకుని, పంటి కింద కొరికి, "వాసన లేదే మామ్మా," అంది.

"అదే నా ఏడుపు," అంది మా ఆవిడ. ఆ హాల్లో నిజం మాట్లాడింది వాళ్ళిద్దరే.

ఆ పిల్ల దామంజోడి టౌన్‌షిప్పులో పుట్టి పెరిగింది. అక్కడ ఇంట్లో తెలుగు, బయట ఒడియా, బళ్ళో ఇంగ్లీషు. మాట్లాడితే మూడూ కలిసిపోయేవి. వరి మొక్కల ఆకులు పరీక్ష చేసి లోపల ఏ గుణం ఉందో చెప్పే ప్రాజెక్టులో పనిచేస్తోందట. మా ఊరు వస్తానంది. చాలామంది అంటారు అలా. ఈ పిల్ల నిజంగానే వచ్చింది.

మొదటిసారి వచ్చినప్పుడు మా అరుగు మీద కూచుని నాకు పాఠం చెప్పింది. వాసనని ఇచ్చే జన్యువు లోపల ఎక్కడో ఉంటుంది, దాన్ని నేరుగా పట్టుకోవడం అన్నివేళలా కుదరదు. దాని పక్కనే సులువుగా గుర్తుపట్టగలిగే ఇంకో గుర్తు ఉంటుంది, దాన్ని మార్కరు అంటారు. రెండూ ఒకే దారం మీద పక్కపక్కన ఉంటాయి గనక, తల్లి నుంచి పిల్లకి పోయేటప్పుడు మార్కరు ఎక్కడికి పోతే గుణమూ అక్కడికే పోతుంది, చాలావరకు. దూరం దూరంగా ఉంటే విడిపోతాయి. పంట పండి, దంచి, వండి వాసన చూసేదాకా ఆగక్కర్లేదు. లేత ఆకు ముక్క చాలు.

నాకు గూడ్సు షెడ్డు గుర్తొచ్చింది. రాయగడ యార్డులో షంటింగు చూస్తూ పెరిగినవాణ్ణి. పక్కపక్క వేగన్లు ఏ లైనులోకి తోసినా కలిసే పోతాయి. ఎక్కడో చివర ఉన్న వేగను మధ్యలో విప్పేస్తే ఇంకో బండికి తగులుకుంటుంది. అదేనా అన్నాను. అదేనంది. మరి మా ఆవిడ నల్ల మొదలు కూడా మార్కరే కదా, అదెందుకు మోసం చేసిందన్నాను.

ఆ పిల్ల చెప్పింది. నలుపు, వాసన పక్కపక్క వేగన్లు కావు, అసలు ఒక బండిలోవే కావు. బయటి పుప్పొడి సోకనన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళలా కలిసి ఉన్నాయి, చూసేవాళ్ళకి ఒకటేననిపించేయి. పక్క మళ్ళలో కొత్త రకాలు వచ్చేక ఎప్పుడో గాలికి వాటి పుప్పొడి వచ్చి కలిసింది. ఆ తరవాత పుట్టిన మొక్కల్లో కొన్నిట్లో నలుపుంది వాసన లేదు, కొన్నిట్లో వాసనుంది నలుపు లేదు. పైగా నలుపు ఒక వైపు నుంచి వస్తే చాలు కనిపిస్తుంది, వాసన మాత్రం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండూ వస్తేనే బయటపడుతుంది. మామ్మ ఏటేటా నల్లవి ఉంచి పచ్చవి పీకేసింది. వాసనని కూడా వాటితోపాటే పీకేసి ఉంటుంది.

లోపల మంచం మీంచి మా ఆవిడ, "ఏటంటోంది ఆ అమ్మి?" అని కేకేసింది.

కొరాపుట్ నుంచి వచ్చేక, ఆ పిల్ల రాకముందు వేసవిలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయేయి. ఇన్నేళ్ళూ నువ్వే పీకేసేవట అని ఆ మనిషికి ఎలా చెప్పడం? నేను గుమ్మంలోకి తల పెట్టి, "వాసన దొరుకుతుందట," అన్నాను. అంతే చెప్పేను. ఆవిడ మొహం వికసించింది. అంతకన్నా వివరంగా ఆ రోజుగానీ ఆ తరవాతగానీ ఎవరూ చెప్పలేదు. పిల్ల లోపలికి వెళ్ళి కాళ్ళకి దండం పెట్టి, మందులు వేసుకుంటున్నావా మామ్మా అని అడిగి వచ్చేసేది. ప్రాజెక్టు మాటలన్నీ అరుగు మీద నాతోనే.

*

కుండ అడుగున పాత విత్తనం కొంచెం మిగిలి ఉంది, చాలా ఏళ్ళ కిందట దాచిపెట్టినది. మొలిచేది మొలుస్తుంది, లేనిది లేదు, అంతా పోసెయ్యండి అంది మా ఆవిడ మంచం మీంచి. ఆ నారంతా పెరటి మడిలో నాటించేం. దుబ్బులు నిలదొక్కుకున్నాక పిల్ల వచ్చి ఒక్కో దుబ్బు నుంచి ఆకు కొస తుంచుకుని, చిన్న గొట్టాల్లో వేసుకుని, మంచు పెట్టెలో పట్టుకెళ్ళింది. ఏ దుబ్బు ఎక్కడుందో తెలియడానికి మడికి తాళ్ళు లాగి వరసలు గుర్తుపెట్టుకుంది. ఎక్కడో దూరంలో పరీక్ష. మళ్ళీ వచ్చేసరికి దుబ్బులు పొట్ట మీదున్నాయి.

వాసన రెండు వైపులా ఉన్నవి దొరికేయి. మడి మొత్తం మీద గుప్పెడు దుబ్బులు. ఆ పిల్ల మొహం చూస్తే ఏదో పెళ్ళి కుదిరినట్టుంది. వాటిల్లో ఒకటి తప్ప తక్కినవన్నీ పచ్చ మొదళ్ళేనని చూపించింది. కొత్తగా మొలిచిన పచ్చవి, ఇంకా ఎవరి చెయ్యీ పడనివి. సంచీలోంచి ఎర్ర ఉన్ని దారం తీసి ఒక్కో దుబ్బుకి కట్టింది. పూత విడవకముందే వచ్చి, బయటి పుప్పొడి సోకకుండా వెన్నులకి సంచులు తొడుగుతానంది. ఆ గింజల్నించి మళ్ళీ మాయమ్మ గింజలు వస్తాయి తాతగారూ, ఈసారి పోవు అంది.

నేను గట్టు మీదే నిలబడి ఉన్నాను. ఎర్ర దారాలు గాలికి ఆడుతున్నాయి. కట్టి ఉందంటే పీకమని అన్నది ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆ పిల్లకి తెలిసే వీలే లేదు. తెలిసిన మనిషి ఇంట్లో మంచం మీదుంది, ఆవిడ లేవగలదని మాలో ఎవరికీ ఆశ లేదు.

ఆ తరవాత వారంలో మందులకని రాయగడ వెళ్ళేను. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే ఇంటి అరుగు మీద మా ఆవిడ కూచుని ఉంది. చేతిలో కర్ర. కాళ్ళు మోకాళ్ళ దాకా బురద. మొహం మీద బురద. నవ్వుతోంది.

"నడిచేను," అంది.

నేను మందుల సంచీ కింద పడేసేను. ఎవరు పట్టుకున్నారన్నాను. ఎవరూ పట్టుకోలేదంది. గోడ పట్టుకుని, తరవాత కర్ర పట్టుకుని, మడిలో దిగేక దుబ్బులు పట్టుకునీ పాక్కుంటూ. ఎందుకు దిగేవే, పడితే ఏటి గతి అని తిట్టేను. మడి సుబ్రం సేసేను అంది. తిడుతూనే కాళ్ళు కడిగేను. పడిపోయిన కాలి వేళ్ళు నా చేతిలో కొంచెం కదిలేయి. మళ్ళీ మనిషౌతుందనుకున్నాను. ఆ సంతోషంలో పెరటి తలుపు తీసి మడి వైపు చూడనైనా లేదు. అంత సంతోషం నాకు అదే ఆఖరని తెలిస్తే ఇంకొంచెంసేపు కాళ్ళు కడిగేవాణ్ణి.

*

పిల్ల సంచులు పట్టుకుని వచ్చిన రోజు మా ఆవిడ అరుగు మీదే ఉంది. తలుపు దగ్గరకి పీట వేయించుకుని కూచోడం మొదలెట్టింది అప్పటికి.

"రా అమ్మీ. నీ పని నాను సేసేసేను," అంది.

పిల్ల నవ్వి, ఏ పని మామ్మా అంటూ పెరట్లోకి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళేను. మడిలో అక్కడక్కడా ఖాళీలు. నీళ్ళు తేరుకుని ఆకాశం కనబడుతోంది వాటిల్లో. పిల్ల తాళ్ళ వెంట ఒక్కో వరసా నడిచి వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చి, మళ్ళీ నడిచింది. నేను అప్పుడు చూసేను. అప్పుడు తట్టింది నాకు.

తిరిగి అరుగు మీదకి వచ్చేసరికి మా ఆవిడ రొంటినుంచి ఏదో తీస్తోంది. ఎర్ర దారాలు. అన్నీ కలిపి పేని, ఒక ఉండలా చుట్టి ఉంచింది.

"నీ దారాలు. మంచి ఉన్ని. పారెయ్యబుద్ది కానేదు."

పిల్ల వాటిని తీసుకోలేదు.

"నాకిప్పుడు దూరం ఆనదు అమ్మీ. ఎర్రగా కట్టేవు గాబట్టి కనబడ్డాయి. నేకపోతే ఒక్కో మొదలూ ఒంగి సూసుకోవాలి. నా నడుం ఒంగుతాదా? ఏవి సెడిపోయేయో నీ మిసను సెప్పీసింది కదా, పీకడం ఎంతసేపు అని దిగేను." గొంతు తగ్గించింది. "ఒక్కటి మాత్రం మొదలు నల్లగానే ఉంది. మనదే కదా, దీనికెందుకు కట్టింది ఈ అమ్మి అని సానాసేపు నిలబడిపోయేను. సదువుకున్న పిల్ల, ఊరికే కడతాదా, నోపల ఏదో సెడు కనిపెట్టుంటాదనీసి అదీ పీకేసేను. తప్పు సేసేనేటి?"

పిల్ల నా వైపు చూసింది. నేను గోడ వైపు చూసేను.

"లేదు మామ్మా," అంది పిల్ల. "మంచి పని చేసేవు."

"ఆవుకేసేను. బలే ఇష్టంగా తింది."

పిల్ల మా ఆవిడ పక్కన నేల మీద కూచుంది. ఆ బాగున్న చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. మా ఆవిడ ఆ చేత్తోనే పిల్ల జడ సరిచేసి, సిక్కిపోయేవేటమ్మీ, తిండి తింటన్నావా అని అడిగింది.

బస్సు దగ్గరకి నేనే దిగబెట్టేను. దారి పొడుగునా అరవడానికి మాటలు కూడబెట్టుకుంటూనే ఉన్నాను. జీవితమంతా ఆఫీసులవాళ్ళ మీద అరిచినవాణ్ణి, నాకది కొత్త కాదు. పేపర్లకి రాసేను, బ్లాకు ఆఫీసు మెట్ల మీద నిలబడి అరిచేను, ఎరువుల కోసం అరిచేను, రోడ్డు కోసం అరిచేను. కానీ బస్టాపులో ఆ పిల్ల, "తప్పు నాది తాతగారూ. మామ్మకి నేను చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు," అనేసరికి కూడబెట్టుకున్నదంతా వదిలేసేను.

మిగిలిన దుబ్బుల్లో ఏమైనా ఉందా అన్నాను. కొన్నిట్లో ఒక వైపు నుంచి దాగి ఉండొచ్చు, వాటి పిల్లల్లో ఎప్పుడైనా బయటపడొచ్చు, కానీ పట్టుకోవాలంటే వచ్చే ఏడు మళ్ళీ మడంతా పరీక్ష చెయ్యాలంది. చెయ్యండి అన్నాను. ప్రాజెక్టు ఈ పంటతో అయిపోతుందంది. మరి పట్టుకెళ్ళిన ఆకుల సంగతేమిటన్నాను. ఫ్రీజర్లో ఉన్నాయంది. వాసన ఉన్న దుబ్బుల ఆకులు కూడా అందులోనే ఉన్నాయి, ఎప్పుడు తీసి చదివినా వాసన ఉందనే చెబుతాయి. మొలవవు.

నాకు ఇప్పటికీ కోపం ఆ పిల్ల మీద కాదు. ఆకు కొసలో దాగిన గుణాన్ని చదివే విద్య గొప్పదే. నేను మెచ్చుకుంటాను, నాకు చేతనైనంత నేర్చుకున్నాను కూడా. కానీ విత్తనం ఎవరిదో తేల్చడానికి భూమి కాగితం చూసే తెలివి ఎక్కడిది? శాలువా తప్పు మనిషికి కప్పినవాళ్ళు పాఠం కూడా తప్పు మనిషికే చెప్పించేరు. ఆవిడకి అక్షరం రాదు, ఏం అర్థమౌతుందిలే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను గావాల, పక్క గదిలోకి తల పెట్టి ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. ఆ మడిలో ఒక్కో దుబ్బునీ చదివిన మనిషి ఆవిడొక్కతే. ఇన్నేళ్ళ తన గుర్తుని పక్కన పెట్టి, చదువుకున్న పిల్ల కట్టిన గుర్తుని నమ్మింది చూడండి, ఆ నల్ల మొదలు దగ్గర, కర్ర మీద ఆనుకుని, బురదలో నిలబడి. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

*

కోతలయ్యేక ఆ మడి ధాన్యం వేరేగా దంచించేను. నేనే వండేను, ఆవిడ చెబుతుంటే. వార్చిన అన్నం పళ్ళెంలో పెట్టి పొగలు పోకుండా తీసుకొచ్చి ఇచ్చేను. మొహం దగ్గర పెట్టుకుంది. నేను చూడలేక గిన్నెలు సర్దుతున్నాను.

"నేదు," అంది చివరికి. ఏడవలేదు. "నేల బాగున్నట్టు నేదు గావాల. వచ్చే ఏడు పైమడిలో ఎయ్యండి."

వేస్తానన్నాను. రెండు ముద్దలు తిని పళ్ళెం నా వైపు తోసేసింది. అప్పుడు అడిగింది, గోడకి చేరబడి, నా వైపు చూడకుండా.

"ఆ అమ్మి దారాలు పీకమనే కట్టిందా?"

అన్నీ చదివినవాణ్ణి. ఎవరికైనా జవాబు చెప్పేవాణ్ణి. "పీకమనే," అన్నాను.

"ఊఁ," అంది. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ తరవాత ఆ పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా అమ్మి తింటోందా అని అడిగేది గానీ, విత్తనాల మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. మాయమ్మ అన్న మాట కూడా ఎత్తలేదు.

నాట్లు రాకముందే పోయింది.

పైమడిలో వేసేను, మాట ఇచ్చేను గనక. ఏటా వేస్తున్నాను. ఇప్పుడు మడిలో దిగుతున్నాను నేను. ముసలి కాళ్ళు బురదలో దిగితే పైకి రావు, ఆవిడ చూస్తే నవ్వేది. నల్లవీ పచ్చవీ అన్నీ ఉంచేస్తున్నాను, ఒక్కటీ పీకనివ్వను. కూలి ఆడవాళ్ళు నాకు మతి పోయిందనుకుంటున్నారు. పొట్ట దశలో ఒక్కో దుబ్బు నుంచి ఆకు తుంచి, గ్లాసులో వేడినీళ్ళు పోసి, అందులో వేసి మూత పెట్టి, కాసేపాగి వాసన చూస్తాను. ఆ పిల్లే ఫోన్‌లో చెప్పింది ఇలా చెయ్యమని, పరీక్ష కాకపోయినా ముక్కు కొంతవరకు పట్టుకుంటుందని. నా ముక్కు బెల్లం గొడౌన్లో పాడైంది. ఒక్కో గ్లాసు దగ్గర ఉందేమో అనిపిస్తుంది. మళ్ళీ చూస్తే ఉండదు. ఉందో లేదో చెప్పగలిగిన ముక్కు ఇంట్లో లేదు.

పంట అయ్యేక ఆ ధాన్యం ఆవిడ ఉంచే మూలలోనే సంచీలో పోసి ఉంచుతున్నాను. కుండ పగిలిపోయింది. ఆవిడ పోయిన రోజు రొంటిలో దొరికిన ఎర్ర దారం ఉండని ఎవరో పారేయబోతే లాక్కున్నాను. సంచీ మూతి దాంతోనే కడుతున్నాను. పిల్ల కట్టిన ముళ్ళు విప్పకుండానే పేనింది ఆవిడ, ఇంకా ఉన్నాయి. నారు పోసే ఆకుమడి దున్నేక మూతి విప్పుతాను, విత్తనం నానబోస్తాను, దారం మళ్ళీ చుట్టి జేబులో పెట్టుకుంటాను.